రిపోర్టు నార్మల్, నొప్పి నిజం

ఈరోజు బి.ఫార్మసీ, ఫార్మ్.డి పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

మీలో కొందరు కంపెనీల్లో చేరతారు, కొందరు పైచదువులకు వెళతారు. కొందరు మందుల షాపులోనో, ఆస్పత్రి ఫార్మసీలోనో నిలబడతారు. అక్కడ తప్పక ఎదురయ్యే ఒక మనిషి గురించి చెబుతాను. దగ్గర్లోని యాచారం నుంచో మంచాల నుంచో బస్సు దిగి వస్తుంది. నలభై ఏళ్లుంటాయి. "బిడ్డా, ఒళ్లంతా పచ్చిపుండు లెక్క ఉన్నది, నొప్పుల గోలీ ఇయ్యి" అంటుంది. రాత్రంతా పడుకున్నా పొద్దున అలసటతోనే లేస్తుంది. రక్తపరీక్ష నార్మల్, ఎక్స్‌రే నార్మల్. పని తప్పించుకోవడానికే నొప్పంటోందని ఇంట్లోవాళ్లు సణుగుతారు. అంతా మనసులోనే ఉందని తేల్చేసే డాక్టర్లూ ఉన్నారు.

ఈ బాధ పేరు ఫైబ్రోమయాల్జియా కావచ్చు. నూటికి 2 నుంచి 4 మందిలో ఉంటుందని అంచనా. బాధితుల్లో ఆడవాళ్లే ఎక్కువ. కండరాల చుట్టూ ఉండే పీచుకణజాలం వాచిపోవడమే దీనికి మూలమని 1904లో లండన్ వైద్యుడు విలియం గోవర్స్ భావించాడు. తర్వాతి వాళ్లు వెతికితే కండరాల్లో ఆ వాపు కనిపించలేదు. నొప్పి ఉంది, గాయం లేదు. మరి ఆ నొప్పి ఎక్కడిది?

జవాబుకు దారి 1965లో దొరికింది. ఒంట్లో నుంచి వచ్చే నొప్పి సంకేతాలను వెన్నుపాము ఉన్నవి ఉన్నట్టు మెదడుకు పంపదని, కొన్నింటిని ఆపి కొన్నింటిని వదులుతుందని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ఊరి చెరువును తలచుకోండి. చెరువులో నీళ్లెన్ని ఉన్నా, పొలానికి ఎన్ని చేరాలో నిర్ణయించేది తూము. ఫైబ్రోమయాల్జియాలో చెడింది ఆ తూమే.

దీనికి రుజువులున్నాయి. 2002లో గ్రేస్లీ, క్లావ్ అనే పరిశోధకుల బృందం 16 మంది రోగుల, 16 మంది ఆరోగ్యవంతుల బొటనవేలి గోరును నొక్కుతూ మెదడును స్కాన్ చేసింది. ఆరోగ్యవంతులకు నొప్పి పుట్టించే ఒత్తిడిలో సగానికి కాస్త ఎక్కువకే రోగులకు అంత నొప్పీ కలిగింది. మెదడులో నొప్పికి సంబంధించిన భాగాలు అంతే చురుగ్గా స్పందించాయి. అంటే ఆమె నటించడం లేదు. రోగుల వెన్నుద్రవంలో నొప్పిని మోసే సబ్‌స్టెన్స్-పి అనే రసాయనం సుమారు మూడు రెట్లు కనిపించింది. నొప్పిని అణచమని మెదడు కిందికి పంపే ఆజ్ఞలకు సెరటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్ కావాలి. ఆ అణచివేత వీరిలో బలహీనంగా ఉంటుంది.

ఇది ఎందుకు మొదలవుతుందంటే ఒక్క కారణం చెప్పలేం. వంశపారంపర్యం ఉంది. దెబ్బలు, జ్వరాలు, దీర్ఘకాలపు ఒత్తిడి దీన్ని రాజేయవచ్చు. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను చుట్టేసిన చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి నొప్పులు వదలనివాళ్లను మీ ఇళ్లలో పెద్దలు చూసే ఉంటారు. నిద్ర కూడా కీలకమే. 1975లో మోల్డోఫ్‌స్కీ అనే పరిశోధకుడు ఆరోగ్యవంతులకు గాఢనిద్ర పట్టకుండా చేస్తే వాళ్లకూ ఒళ్లునొప్పులు పుట్టాయి. 2021లో రోగుల రక్తంలోని యాంటీబాడీలను ఎలుకలకు ఎక్కిస్తే, ఆ ఎలుకలు ఒత్తిడికి, చలికి అతిగా స్పందించాయి. పరిశోధన ఇంకా సాగుతోంది.

ఇక మీ పని. డైక్లోఫెనాక్ లాంటివి వాపును తగ్గించే మందులు. వాపే లేనిచోట అవి చేసే మేలు స్వల్పం, కడుపుకూ కిడ్నీలకూ చేసే చెరుపు మాత్రం అంతా ఉంటుంది. నెలల తరబడి గోలీలు, సూదులు వాడే మనిషి కనిపిస్తే డబ్బు తీసుకునే ముందు రెండు మాటలు అడగండి. థైరాయిడ్ లోపం, విటమిన్-డి లోపం, కీళ్లవాతం కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి డాక్టర్ దగ్గరికి పంపండి. రోగం పేరు మీరు పెట్టకండి.

డాక్టర్ డ్యులోక్సెటిన్ రాసిస్తే, అది "డిప్రెషన్ మందు" అని ఎవరో చెప్పగానే ఆమె మానేస్తుంది. అప్పుడు మీ చదువు అక్కరకొస్తుంది. నొప్పిని అణిచే రసాయనాలను పెంచడానికే అది ఇచ్చారని, పిచ్చి ఉందని కాదని తేటతెలుగులో చెప్పండి. ప్రీగాబాలిన్ మత్తు తెస్తుందనీ హెచ్చరించండి. ఏ మందైనా కొందరికే, కొంతే పనిచేస్తుంది. 2016 నాటి యూరప్ నిపుణుల సిఫార్సుల్లో గట్టి మద్దతు దక్కింది వ్యాయామానికి ఒక్కదానికే. రోజూ కొద్దిగా నడక మొదలుపెట్టి మెల్లగా పెంచుకోమనండి. పొలంలో ఒళ్లు వంచడం, నడక ఒకటి కావని ఇంట్లోవాళ్లకూ చెప్పండి.

పట్టభద్రులారా, మందు ఎలా పనిచేస్తుందో నాలుగేళ్లు, ఆరేళ్లు చదివారు. ఆ చదువును కౌంటర్ ముందున్న మనిషి భాషలో చెప్పడం నేర్చుకోండి. రిపోర్టు నార్మల్‌గా ఉందని మనిషిని అబద్ధాలకోరును చేయకండి. ముందు ఆమె మాట నమ్మండి, ఆ తర్వాతే మందు చేతికివ్వండి.