సంఘం షాట్

(కౌడిపల్లిలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో, సినిమా ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగ పాఠం)



పాటలూ ఫైట్లూ లేని సినిమాలంటే నాకు ప్రాణం. ఈ మాట అంటే చాలామంది 'అవి అవార్డుల కోసం తీసేవి, మనలాంటివాళ్లకు కావు' అంటారు. కావని ఎవరు నిర్ణయించారు?

బి. నర్సింగరావు పుట్టిన ప్రజ్ఞాపూర్ 2016లో సిద్ధిపేట జిల్లాలోకి పోయింది గానీ అంతకుముందు మన మెదక్ జిల్లాదే. ఆయన 1988లో తీసిన 'దాసి'లో కమలాక్షి ఒక దొర గడీలో వెట్టి మనిషి. దొర వల్ల వచ్చిన గర్భాన్ని ఉంచుకునే హక్కు కూడా ఆమెకు లేదు. ఆ పాత్రకే అర్చన ఉత్తమ నటిగా జాతీయ అవార్డు అందుకుంది. సినిమాలో మాటలు తక్కువ, చాకిరీ ఎక్కువ. నెమ్మదిగా నడుస్తుందని విసుక్కునేవాళ్లున్నారు. ఇంటి చాకిరీ నెమ్మదిగానే సాగుతుంది, తెల్లారి లేచి మళ్లీ మొదలవుతుంది. దాన్ని రెండు నిమిషాలకు కత్తిరించి చూపిస్తే అది అబద్ధమవుతుంది. స్త్రీల శ్రమ గురించి మావంటి పరిశోధకులు రాసే పేజీలకన్నా ఈ సినిమా నాకు ఎక్కువ నేర్పింది.

అయితే 'దాసి' ఎంత గొప్పదైనా కమలాక్షి చేతిలో కెమెరా లేదు. ఆ పని జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో జరిగింది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, చాలామంది బడి ముఖం చూడనివాళ్లు, 1990లలో వీడియో కెమెరా నేర్చుకున్నారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక వరంగల్ రైతుల దగ్గరికి మూడేళ్లపాటు మళ్లీ మళ్లీ వెళ్లి, వాళ్ల నష్టాలను వాళ్ల నోటనే రికార్డు చేశారు.

వాళ్లు షాట్లకు పెట్టుకున్న పేర్లు చూడండి. పైనుంచి కిందికి చూపేది పటేల్ షాట్. పటేల్ మనల్ని చూసేది అలాగే కదా! ఎదుటి మనిషి కళ్లకు సమానంగా కెమెరా పెట్టి తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. సినిమా సిద్ధాంతం మీద నేను చదివిన లావుపాటి పుస్తకాల్లో ఇంత సూటి మాట దొరకలేదు.

మరి మనం ఊళ్లలో సినిమాలు ఎలా వేస్తున్నాం? పది నిమిషాలకోసారి ఆపి అర్థం చెబుతాం. అయిపోగానే మైకు పట్టుకుని 'దీన్నిబట్టి ఏం నేర్చుకున్నారు?' అని అడుగుతాం. ఇది పటేల్ షాట్ కాక మరేమిటి? నిధులిచ్చేవాళ్లకు పంపే రిపోర్టులో చైతన్యం పొందినవారి సంఖ్య రాయాలని నాకూ తెలుసు. (ఆ సంఖ్య ఎలా లెక్కపెడతారో మాత్రం ఇంతవరకూ అర్థం కాలేదు.) కూలికి పోయి వచ్చిన మనిషికి చీకట్లో కూర్చుని, ఎవరూ పాఠం చెప్పకుండా, ఒక మంచి సినిమా చూసే హక్కు లేదా? నచ్చకపోతే నచ్చలేదని లేచిపోయే హక్కు?

ఇవాళ వేస్తున్నది 'ఇది కథ మాత్రమేనా'. దీపా ధన్‌రాజ్, ఆమె మిత్రులు కలిసి పెట్టుకున్న యుగాంతర్ బృందం 1983లో హైదరాబాద్ స్త్రీశక్తి సంఘటనతో కలిసి తీసింది. భర్త పెట్టే హింస, ఆ ఇంట్లో ఆమె ఒంటరితనం ఇందులో విషయం. ఎవరో రాసి ఇచ్చిన కథ కాదు, స్త్రీలు తమలో తాము మాట్లాడుకున్న అనుభవాల్లోంచి అల్లుకున్నది. ఆ ఏడాదే శిక్షాస్మృతిలో 498ఎ చేరింది. 2024 జులై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లయింది. గృహహింస చట్టం రావడానికి మాత్రం 2005 దాకా ఆగాల్సి వచ్చింది. సెక్షన్ల సంగతి కావాలంటే భోజనాల తర్వాత మాట్లాడుకుందాం.

సినిమా అరగంట కూడా లేదు. మధ్యలో ఆపం. అయ్యాక నేను మాట్లాడను, నిర్వాహకులూ మాట్లాడరు. వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చున్న అక్కలు ముందు మాట్లాడతారు. వాళ్లకు మాట్లాడబుద్ధి కాకపోతే కాసేపు ఊరికే కూర్చుందాం. ఆ కిటికీ తలుపులు మూయండమ్మా.