డ్రమ్ము పొయ్యి – పొగ వంట
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్లి వచ్చినవారు సాధారణంగా నయాగరా జలపాతం గురించి చెబుతారు. నేను ఒక ఇనుప డ్రమ్ము గురించి చెప్పదలచుకున్నాను. శాకాహారులు మన్నించాలి. నేను చెప్పబోయేది మాంసం కంటె నిప్పు గురించే ఎక్కువ.

2019 వేసవిలో టెక్సాస్ రాష్ట్రంలో మా అబ్బాయి ఇంట్లో నాలుగు నెలలు ఉన్నాము. పొగ మీద మాంసం వండటం ఆ రాష్ట్రంలో పెద్ద సంప్రదాయం. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడికి వలస వచ్చిన జర్మన్లు, చెక్కులు తమ మాంసం దుకాణాల్లో దీనికి బాగా ప్రచారం తెచ్చారు. మంట తగలకుండా, సన్నని సెగ మీద, కట్టె పొగలో గంటల తరబడి మగ్గనివ్వటమే ఇందులోని కిటుకు. పొగ గుణం మనవాళ్లకూ తెలియనిది కాదు. విత్తనపు మొక్కజొన్న కంకులను పురుగు పట్టకుండా పొయ్యి పైన దూలానికి కట్టేవారు కదా!

అలాంటి పొయ్యిని డ్రమ్ముతో ఇంట్లోనే చేసుకోవాలని మా అబ్బాయికి కోరిక. ఒకరోజు, "నాన్నా, తెలిసినవాళ్ల దగ్గర పాత డ్రమ్ము ఉచితంగా దొరుకుతుంది, తెచ్చేస్తాను" అన్నాడు. "అందులో ఇదివరకు ఏం పోశారు?" అని అడిగాను. తెలియదన్నాడు. "తెలియని డ్రమ్ము మన ఇంటికి వద్దు" అన్నాను. వాడికి కొంచెం కష్టం తోచింది గాని, ఇంట్లో నాలుగేళ్ల మనవడు ఉన్నాడు. ఆ వంట తినబోయేది వాడు. పురుగుమందో రసాయనమో ఉన్న డ్రమ్మును ఎంత కడిగినా నమ్మడానికి లేదు. చమురు ఆవిరి మిగిలి ఉన్న మూసిన డ్రమ్మును కోయబోతే పేలి మనుషులు పోతారు. చివరకు లోపల ఏ పూతా లేని, మూత పూర్తిగా ఊడివచ్చే కొత్త డ్రమ్ము కొన్నాము. వాళ్లు 55 గ్యాలన్లు అంటారు. మన 200 లీటర్ల డ్రమ్మే.

ఇక తయారీ. అడుగు నుంచి రెండు అంగుళాల ఎత్తున, చుట్టూ సమాన దూరంలో ముప్పావు అంగుళం రంధ్రాలు మూడు వేశాము. ఒకదానికి చిన్న గొట్టం బిగించి వాల్వు పెట్టాము. మిగిలిన రెండింటికి గొట్టం ముక్కలు, మరతో బిగించే మూతలు. పై మూతకు అర అంగుళం రంధ్రాలు ఎనిమిది. లోపల బొగ్గుకు జల్లెడ రేకు బుట్ట, దానికి కాళ్లు, కింద బూడిద పళ్లెం. పై అంచుకు ఏడు అంగుళాల దిగువన బోల్టుల మీద స్టీలు వల. బొగ్గుకూ వలకూ మధ్య రెండడుగులు ఎడం ఉండాలి. ఆ దూరమే మంట నుంచి మాంసాన్ని కాపాడుతుంది. వల ఎత్తున ఒక ఉష్ణమాపకం బిగించాము. జింకు పూత పూసిన వల, రేకు ఇందులో వాడరాదు. బాగా కాగితే ఆ పూత నుంచి వచ్చే పొగ మనిషికి హాని. వేడికి తట్టుకునే రంగు బయటి వైపే వేశాము. లోపల రంగు లేదు, వంటనూనె రాశాము.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో బిట్రగుంట స్టీం లోకో షెడ్డులో పనిచేశాను. అక్కడ పెద్దలు నేర్పిన పాఠం ఒకటే. బొగ్గు ఎంత వేశామన్నది కాదు, దానికి గాలి ఎంత అందుతున్నదన్నది చూసుకోవాలి. పొగగొట్టం నుంచి నల్లగా పొగ కక్కితే బొగ్గు దండగ అవుతున్నదని అర్థం. డ్రమ్ములోనూ అంతే. దట్టంగా తెల్లని పొగ వస్తే నిప్పుకు ఊపిరి ఆడటం లేదన్నమాట. ఆ పొగలో వండితే మాంసం చేదెక్కుతుంది. పలచగా, నీలిరంగు ఛాయతో కనిపించీ కనిపించని పొగ రావాలి.

తయారైంది కదా అని వెంటనే వంటకు పెట్టలేదు. మూడు పరీక్షలు చేశాము. మొదటిది ఉష్ణమాపకానికి. దాన్ని బిగించే ముందే మరుగుతున్న నీళ్లలో ముంచి చూశాము. సముద్ర మట్టానికి దగ్గరి ఊళ్లలో 100 డిగ్రీల సెంటీగ్రేడు చూపాలి. రెండోది నిప్పుకు. బుట్ట నిండా బొగ్గు పోసి, పైన గుప్పెడు రగిలిన కణికలు మాత్రమే వేశాము. మూడు దారులూ తెరిస్తే వేడి 150 దాటిపోయింది. రెండు మూసి, వాల్వు సగం తిప్పితే 120 దగ్గర నిలిచింది. పావుగంటకొకసారి కాగితం మీద రాసుకుంటూ నాలుగు గంటలు కాచాము. మూడోది మూతకు. అన్ని దారులూ మూసేశాము. నిప్పు ఆరిపోయింది. ఆరకపోతే ఎక్కడో సందు ఉన్నట్లే. మిగిలిన బొగ్గు మర్నాటికి పనికివచ్చింది.

అక్కడివారు పెద్ద గొడ్డు మాంసపు ముక్కలను పది పన్నెండు గంటలు పొగబెడతారు. మేము కోడి కాళ్లు పెట్టాము. రెండు గంటలు పట్టింది. మధ్యలో మూత తీసి చూడాలని అందరికీ ఆత్రమే. తీసినప్పుడల్లా గాలి దూరి నిప్పు ఎగుస్తుంది, అందుకని నేను ఒప్పుకోలేదు.

కోయగానే మా కోడలు, "మామయ్యగారూ, ఎముక దగ్గర ఎర్రగా ఉంది. పచ్చిగా ఉందేమో, బాబుకు పెట్టను" అంది. ఆ అమ్మాయి జాగ్రత్త మెచ్చుకోదగింది. అయితే పొగలోని వాయువులు మాంసంలోని రంగు పదార్థంతో కలిసి ఆ ఎరుపును నిలబెడతాయి. కాబట్టి ఎరుపు కనిపించినంత మాత్రాన పచ్చి అనుకోనక్కరలేదు. పైకి కమిలినట్లున్నంత మాత్రాన ఉడికిందనీ అనుకోరాదు. సూది ఉష్ణమాపకాన్ని ఎముకకు తగలకుండా దళసరి చోట గుచ్చితే 74 డిగ్రీలు చూపాలి. అన్ని ముక్కలకూ గుచ్చి ఆమెకే చూపించాను. ఒక్కటి 70 దగ్గర ఉంటే దాన్ని మళ్లీ లోపల పెట్టాము. ఆ తరువాతే మనవడి పళ్లెంలో వడ్డించింది.

అక్కడ పొగకు ఓక్, పెకాన్, మెస్కీట్ కట్టెలు వాడతారు. మెస్కీట్ ముల్లు చూడగానే మన సర్కారు తుమ్మ గుర్తుకొచ్చింది. నిజంగానే అవి రెండూ దగ్గరి చుట్టాలు. సర్కారు తుమ్మ కూడా అమెరికా ఖండాల మొక్కే, బ్రిటిషు వారి కాలంలో మన దేశానికి వచ్చింది. మన బొగ్గు బట్టీల్లో ఎక్కువగా కాలేది అదే.

ఇక్కడ చేసుకోదలచిన వారికి మూడు మనవులు. వరండాలోగాని, తలుపులు మూసిన చోటగాని దీన్ని వెలిగించకండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బూడిదలో నిప్పు చాలాసేపు దాగి ఉంటుంది, చెత్తబుట్టలో పోయకండి. ఇక మన వయసువారికి రక్తపోటు ఉంటుంది కనుక ఉప్పు తగ్గించండి. పొగబెట్టిన మాంసం పండగకో పబ్బానికో చాలు, రోజూ తినేది కాదు.

చివరిగా ఒక్క మాట. షెడ్డులు మూతపడ్డాయి, ఆవిరి ఇంజన్లు ప్రదర్శనశాలలకు చేరాయి, కాని గాలికీ నిప్పుకూ ఉన్న లెక్క మారలేదు. మీలో ఒక్కొక్కరి చేతుల్లో ఇలాంటి లెక్కలు ఎన్నో ఉన్నాయి. పిల్లలు అడిగినప్పుడు "నాకేం తెలుసు, నేను రిటైరయ్యాను" అనకండి. పక్కన నిలబడి చూపించండి. అక్కర ఉన్నచోట "వద్దు" అని చెప్పడానికీ వెనుకాడకండి.