ఆన్‌సైట్‌కి ఎవరిని పంపుతారు? చిన్న కంపెనీల లెక్కే వేరు

గత ఎపిసోడ్‌లో పెద్ద కంపెనీల్లో ఆన్‌సైట్ అవకాశాలు ఎలా వస్తాయో మాట్లాడుకున్నాం. అది చూశాక చాలామంది ఒకటే అడిగారు. "మాది యాభైమంది ఉన్న కంపెనీ సార్, మా దగ్గర ఎలా ఎంపిక చేస్తారు?" అని. ఈ రోజు ఆ విషయమే చెప్తాను.

పెద్ద కంపెనీలో వీసాలు చూసేవాళ్లు వేరు, ట్యాక్స్ చూసేవాళ్లు వేరు. చిన్న కంపెనీలో అవేవీ ఉండవు. యజమాని, ప్రాజెక్ట్ మేనేజర్, హెచ్ఆర్ చూసే ఒక మనిషి, ముగ్గురూ కూర్చుని టీ తాగేలోపు తేల్చేస్తారు. హైదరాబాద్‌లో అలాంటి ఒక కంపెనీలో ఆ ముగ్గురిలో ఒకడిగా నేను పదేళ్లు కూర్చున్నాను. అందుకే లోపల జరిగేది ఉన్నదున్నట్టు చెప్తాను.

అక్కడ వచ్చే మొదటి ప్రశ్న "ఎవరు బాగా పనిచేస్తారు?" అని కాదు, "ఎవరికి వీసా ఉంది?" అని. వినడానికి బాధగానే ఉంటుంది, కానీ నిజం. అమెరికా సంగతే చూడండి. హెచ్‌-1బి ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చదివినవాళ్లకి ఇంకో 20,000. మార్చిలో రిజిస్ట్రేషన్, ఎంపికైతే పని మొదలయ్యేది అక్టోబరులో. క్లయింటేమో వచ్చే నెలకే మనిషి కావాలంటాడు! పైగా 2025 సెప్టెంబరులో, అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల చెల్లింపు పెట్టారు. చిన్న కంపెనీకి అది అయ్యే పనేనా?

ఎల్‌-1 ఉంది కదా అంటారు. దానికి అమెరికాలో మీ కంపెనీకే ఆఫీసో, అనుబంధ సంస్థో ఉండాలి. గత మూడేళ్లలో కనీసం ఒక ఏడాది ఏకధాటిగా మీరు ఇక్కడి కంపెనీలో పనిచేసి ఉండాలి. పెద్ద కంపెనీలకు బ్లాంకెట్ పిటిషన్ సౌకర్యం ఉంది. చిన్నవాళ్లు ఒక్కొక్కరికీ విడిగా వేసుకోవాల్సిందే.

అప్పుడే ఎవరో ఒకరు "బి-1 మీద పంపేద్దాం లెండి" అంటారు. జాగ్రత్త. బి-1 అనేది మీటింగులకు, ఒప్పందాల చర్చలకు. క్లయింట్ ఆఫీసులో కూర్చుని రోజూ కోడ్ రాయడానికి కాదు. ఎయిర్‌పోర్టులో వెనక్కి పంపేస్తే ఆ మచ్చ మీ రికార్డులో పడుతుంది, మీ బాస్ రికార్డులో కాదు.

రెండో ప్రశ్న: "ఈ మనిషి లేకపోతే ఇక్కడ పని ఆగుతుందా?" ఆగుతుందంటే పంపరు. అంటే అందరికన్నా బాగా పనిచేసేవాళ్లే ఇక్కడ ఉండిపోతారు. మీ పని ఇంకొకరికి నేర్పకుండా గుట్టుగా పెట్టుకుంటే, మీ కాళ్లకి మీరే బంధం వేసుకున్నట్టు.

మూడోది: "ఒంటరిగా నెట్టుకురాగలరా?" చిన్న కంపెనీ నుంచి వెళ్లేది తరచుగా ఒక్కరే. పక్కన టీమ్ ఉండదు. క్లయింట్ అడిగిన ప్రతిదానికీ తల ఊపే మనిషి అక్కడ ఇబ్బంది పడతారు. "ఇది ఈ వారం కాదు" అని మర్యాదగా చెప్పగలగాలి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. ఒకసారి జర్మనీలో ఆరు నెలల పని వచ్చింది. దానికి సరైన మనిషి మా టీమ్‌లోనే ఉన్న ఒకావిడ. ఆ మాడ్యూల్ మొత్తం ఆమె రాసిందే. ఆమెకి మూడేళ్ల పాప. "చంటిపిల్లతో ఆమె ఎలా వెళ్తుంది లెండి" అన్నాను నేను. అంతే, ఆ పేరు అక్కడితో పోయింది. ఇంకొకరిని పంపాం. పని తెలియక అతను రోజూ రాత్రి ఫోన్ చేసి ఆమెనే అడిగేవాడు. రెండు నెలలకి ఆమె రాజీనామా ఇచ్చింది. చివరి రోజు నాతో, "పాపని చూసుకోవడానికి మా అమ్మ సిద్ధంగానే ఉంది సార్. వెళ్లాలో వద్దో నేను తేల్చుకునేదాన్ని కదా. ఒక్క మాట అడగాల్సింది" అంది. నా దగ్గర జవాబు లేదు.

మేం చేసింది మంచితనం అనుకున్నాం. నిజానికి ఆమె నిర్ణయాన్ని మేం లాగేసుకున్నాం. ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాం: అర్హత ఉన్న ప్రతి ఒక్కరినీ అడగాలి, ఎవరిని ఎందుకు ఎంచుకున్నామో ఒక కాగితం మీద రాయాలి. దీనికి ఖర్చేమీ లేదు.

ఉద్యోగులకు కూడా ఒక మాట. పాస్‌పోర్ట్ గడువు చూసుకోండి. వెళ్లడానికి సిద్ధమని మెయిల్‌లో రాసి పెట్టండి. ఖరారైతే జీతం ఏ దేశంలో వేస్తారు, వైద్య బీమా ఎవరిది, తిరిగొచ్చాక ఏ పని ఇస్తారు, ఇవన్నీ అడగండి. జర్మనీలాంటి దేశాలతో మనకి సామాజిక భద్రత ఒప్పందం ఉంది. ఈపీఎఫ్ఓ నుంచి కవరేజ్ సర్టిఫికెట్ తీసుకుంటే అక్కడ కూడా మళ్లీ పెన్షన్ కోత పడకుండా చూసుకోవచ్చు. అమెరికాతో ఆ ఒప్పందం లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఆన్‌సైట్ నుంచి తిరిగొచ్చినవాళ్ల కష్టాలు మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు. నమస్కారం.