ఉప్పుగాలిలో ఇనుము: తుప్పు తీయడం, తుప్పు రాకుండా చూడడం
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజన్లు మరమ్మతు చేసేవాడిని. చదువుల సభలో తుప్పు మాటేమిటని కొందరికి అనిపించవచ్చు. మనలో చాలా ఇళ్ళలో పిల్లల ఫీజు కట్టేది పొలంలోని పంపుసెట్టో, పడవ ఇంజనో. అది బిగుసుకుపోతే ముందు ఆగేది చదువే. అందుకే ఈ మాట ఇక్కడ చెబుతున్నాను.

హుమ్మ అంటే ఉప్పు మడులు. 1930లో ఉప్పు సత్యాగ్రహం ఇక్కడ కూడా జరిగింది. మనకు అన్నం పెట్టే ఆ ఉప్పే ఇనుముకు శత్రువు. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ మూడూ కలిస్తే తుప్పు పుడుతుంది. ఉప్పు ఆ పనిని చాలా వేగం చేస్తుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరు పీల్చి కరుగుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ అయితే 33 శాతం తేమకే చెమ్మగిల్లుతుంది. కాబట్టి వాన పడకపోయినా, ఉప్పు అంటిన ఇనుము తడిగానే ఉంటుంది. ఢిల్లీలోని ఇనుప స్తంభం సుమారు 1600 ఏళ్ళుగా నిలిచి ఉందంటే, దాని ఇనుములో ఎక్కువగా ఉన్న భాస్వరంతో పాటు అక్కడి పొడి గాలి కూడా కారణమే.

ఇంజనుకు పైన రంగు ఉంటుంది. లోపలి క్రాంకు షాఫ్టుకు, సిలిండరు గోడకు, వాల్వులకు, గేర్లకు రంగు ఉండదు. వాటికి నూనె పొరే చొక్కా.

ఇక తుప్పు తీసే పద్ధతి. మొదట మంచినీళ్ళతో ఉప్పు కడగాలి. ఉప్పు ఉండగా నూనె రాస్తే నూనె కింద తుప్పు పెరుగుతూనే ఉంటుంది. పైపైన ఎర్రగా ఉంటే కిరోసిన్ లేదా పల్చని నూనె వేసి, సన్నని స్టీల్ ఊల్‌తో రుద్దితే చాలు. దట్టంగా ఉంటే లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, ప్లాస్టిక్ తొట్టిలో ఆ భాగాన్ని నానబెట్టాలి. గంట గంటకూ తీసి చూడాలి. ఎక్కువసేపు ఉంచితే మంచి ఇనుమును కూడా తింటుంది. తీశాక వంటసోడా కలిపిన నీటితో, తర్వాత వేడినీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. ఆలస్యమైతే పావుగంటలోనే మళ్ళీ ఎర్రబడుతుంది.

కొన్ని జాగ్రత్తలు. స్ప్రింగులను, బేరింగులను ఆమ్లంలో వేయకండి. గట్టిపరచిన ఉక్కులోకి హైడ్రోజన్ చేరితే అది పెళుసై విరుగుతుంది. అల్యూమినియం భాగాలను కూడా వేయవద్దు. క్రాంకు షాఫ్టులో బేరింగులు కూర్చునే చోట గరుకు కాగితం పెట్టవద్దు. అక్కడ కొలత వెంట్రుకలో వంతు తప్పినా పనికిరాదు. సిలిండరు గోడమీద గోరు నడిపినప్పుడు గుంట తగిలితే ఇంట్లో ఆపి, బోరింగు చేసే వర్కుషాపుకు పంపండి. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. కిరోసిన్ దగ్గర బీడీ, పొయ్యి ఉండకూడదు.

రాకుండా చూడడం ఇంకా సులువు. పని లేని నెలల్లో బోరులో శుభ్రమైన ఇంజన్ ఆయిల్ కొద్దిగా పోసి, పదిహేను రోజులకొకసారి చేత్తో తిప్పండి. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలు చేరతాయి, అది వద్దు. డీజిల్ ఒక్కటే రాస్తే ఆరిపోతుంది. ఉప్పు మోసిన గోనె సంచి కప్పకండి. సిమెంటు నేలమీద కాక చెక్కలమీద ఉంచండి. చెమట చేతులతో పట్టుకున్న భాగాన్ని తుడిచి నూనె రాయండి. చెమటలో కూడా ఉప్పే.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత మునిగిన ఇంజన్లు చాలా నా దగ్గరకు వచ్చాయి. అన్నీ సర్దుకున్నాక చూద్దామని వదిలేసినవి ఎక్కువ భాగం బిగుసుకుపోయి, కిలోల లెక్కన పాత ఇనుముకు పోయాయి. ఒక జాలరి ఇంట ప్లస్ టూ చదివే అమ్మాయి సైన్సు పాఠం గుర్తుపెట్టుకుని, నీరు దిగగానే తండ్రి చేత ఇంజను విప్పించి, మంచినీళ్ళతో కడిగించి, నూనె పోయించింది. తాగేందుకే నీళ్ళు కరువైన రోజులవి. ఇరుగుపొరుగు తిట్టారు కూడా. నేను విప్పి చూస్తే రింగులు మార్చడం తప్ప పెద్ద పని లేదు. ఆ పడవ మళ్ళీ వేటకు వెళ్ళింది. ఆ అమ్మాయి చదువూ ఆగలేదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. మార్కులు తక్కువ వస్తేనే ఐటిఐ అనే మాట మానండి. బరంపురంలో ప్రభుత్వ ఐటిఐ ఉంది. ఫిట్టరు, డీజిల్ మెకానిక్ పనులకు కొలత, రసాయన శాస్త్రం, ఓర్పు మూడూ కావాలి. విద్యార్థులారా, ఈ స్కాలర్‌షిప్పుతో ఏ చదువు చదివినా, సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంజను మూత తెరిచి చూడండి. ఎర్రటి మచ్చ కనిపిస్తే ఆ రోజే తుడవండి. మీరు నేర్చినది ముందు మీ ఇంటికి పనికి రావాలని కోరుకుంటున్నాను.