వైకింగ్‌ల ఊళ్లో ఒక పూట: హైతబూలో ఏం చూడాలి, ఏం అడగాలి?

ఈ ఎపిసోడ్‌లో మనం వైకింగ్‌ల ఊరికి వెళ్దాం. వైకింగ్ అనగానే కొమ్ముల టోపీ పెట్టుకుని గొడ్డలి ఊపే మనిషే గుర్తొస్తాడు కదా? ముందు ఆ కొమ్ముల సంగతి తేల్చేద్దాం. వైకింగ్ కాలం నాటి కొమ్ముల శిరస్త్రాణం ఒక్కటి కూడా తవ్వకాల్లో దొరకలేదు. 1876లో జర్మనీలో వాగ్నర్ ఒపేరా వేసినప్పుడు కాస్ట్యూమ్ డిజైనర్ కొమ్ములు పెట్టాడు. అవి అక్కడి నుంచి కార్టూన్లకీ సినిమాలకీ పాకిపోయాయి.

మరి అసలు వాళ్లు ఎలా బతికారు? అది చూడాలంటే హైతబూ వెళ్లాలి. ఇది ఉత్తర జర్మనీలో, ష్లెస్విగ్ ఊరి పక్కన ఉంది. హాంబర్గ్‌లో ఉండే మన తెలుగువాళ్లు రైలెక్కి పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. ఇప్పుడు జర్మనీలో ఉన్నా, ఆ కాలంలో ఇది డేన్‌ల రాజ్యం. 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఇక్కడే ఊరు ఎందుకు కట్టారో మ్యాప్ చూస్తే అర్థమైపోతుంది. బాల్టిక్ సముద్రం నుంచి ష్లై అనే సన్నటి పాయ నేలలోకి చొచ్చుకుని వస్తుంది. దాని చివర హైతబూ. అక్కడ సరుకు దింపి 20 కిలోమీటర్ల లోపే బండ్ల మీద తీసుకెళ్తే, ఉత్తర సముద్రం వైపు పోయే నది దొరుకుతుంది. డెన్మార్క్ అంతా చుట్టి రావాల్సిన పని లేదు. ఇప్పటి భాషలో చెప్పాలంటే పక్కా లాజిస్టిక్స్ హబ్. ఊరి చుట్టూ అర్ధచంద్రాకారంలో పెద్ద మట్టి కట్ట ఉంది. లోపల దాదాపు 60 ఎకరాలు. ఆ కట్ట ఇప్పటికీ ఉంది, దాని మీద నడవొచ్చు కూడా.

కట్ట లోపల ఏడు ఇళ్లు కనిపిస్తాయి. ఇవి పాతవి కావు, 2005 నుంచి 2008 మధ్య కట్టినవి. కానీ ఊహించి కట్టినవి అనుకోకండి. ఇక్కడి నేల తడి నేల. గాలి చొరబడని బురదలో చెక్క కుళ్లిపోదు. అందుకే వెయ్యేళ్ల నాటి గోడలు, పడిపోయినవి పడిపోయినట్టే దొరికాయి. వాటిలో ఒక ఇంటికి 870 నాటి కలప వాడారని తేలింది. ఎలా అంటే, చెట్టు ఏడాదికొక వలయం వేస్తుంది. మంచి వానలు పడిన ఏడు వలయం మందంగా ఉంటుంది, కరువు ఏడు సన్నగా. ఆ వరుసని తేదీలు తెలిసిన కలపతో పోల్చి చూస్తే, చెట్టు కొట్టిన సంవత్సరం తెలిసిపోతుంది. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది టైమ్‌స్టాంప్ ఉన్న లాగ్ ఫైల్ అన్నమాట.

ఇంట్లోకి వెళ్తే మనవాళ్లకి చాలా తెలిసినట్టే ఉంటుంది. తడిక అల్లి దాని మీద మట్టి మెత్తిన గోడలు, పైన రెల్లు కప్పు, మధ్యలో నిప్పుల పొయ్యి. పొగగొట్టం లేదు. పొగ కప్పు దాకా లేచి అక్కడి సందుల్లోంచి మెల్లగా బయటికి పోవాలి. కట్టెల పొయ్యి మీద వండిన అమ్మమ్మల్ని అడగండి, ఆ కళ్ల మంట ఏంటో చెబుతారు. ఎండాకాలంలో పాతకాలం బట్టలు కట్టుకున్న వాళ్లు అక్కడ పనులు చేసి చూపిస్తారు. జింక కొమ్ముతో దువ్వెనలు, గాజు పూసలు, నిలువు మగ్గం మీద నేత. బట్టలకి కూడా ఆధారం ఉంది. పాత బట్టలు చింపి, ఆ పేలికలతో పడవలకి తారు పూసేవాళ్లు. తారు అంటిన ఆ పేలికలే రేవు బురదలో దొరికాయి. పారేసిన గుడ్డలే ఇవాళ మనకి సాక్ష్యం.

965 ప్రాంతంలో స్పెయిన్ నుంచి అల్ తర్తూషీ అనే యాత్రికుడు ఇక్కడికి వచ్చాడు. జనం ఎక్కువగా చేపలే తింటారనీ, ఆడామగా ఇద్దరూ కళ్లకి కాటుక లాంటిది పెట్టుకుంటారనీ, ఆడవాళ్లు తమంతట తామే విడాకులు తీసుకోవచ్చనీ రాశాడు. పాటలు మాత్రం ఆయన భరించలేకపోయాడు, కుక్కల అరుపుతో పోల్చాడు!

ఇక్కడి దాకా బాగుంది కదా. పొయ్యి, మగ్గం, పూసలు. ఫొటోలు కూడా బాగా వస్తాయి. కానీ ఇళ్లు దాటి నీళ్ల దగ్గరికి వెళ్తే ఒక చెక్క రేవు కట్టారు. అక్కడ కాసేపు ఆగండి. ఈ రేవులో దిగిన సరుకులో మనుషులు కూడా ఉన్నారు.

ఇది నేను కథ కోసం చెప్పడం లేదు. ఇదే రేవులో ఇనుప సంకెళ్లు దొరికాయి. తొమ్మిదో శతాబ్దపు బిషప్ రింబర్ట్ జీవిత చరిత్రలో ఒక సంఘటన ఉంది. ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు బందీలుగా ఉన్న క్రైస్తవుల్ని చూశాడు. వాళ్లలో ఒక సన్యాసిని తానెవరో ఆయనకి తెలియాలని కీర్తనలు పాడింది. విడిపించడానికి ఆయన ఏది ఇస్తానన్నా అమ్మేవాళ్లు ఒప్పుకోలేదు. చివరికి తను ఎక్కి వచ్చిన గుర్రాన్నే ఇచ్చి ఆమెని విడిపించాడు. ఒక మనిషి వెల, ఒక గుర్రం. మిగతా బందీలకి ఆ గుర్రం కూడా దొరకలేదు.

హైతబూలో అరబ్ వెండి నాణేలు దొరికాయి. ఆ వెండి ఉత్తరాదికి ఊరికే రాలేదు. బొచ్చు తోళ్లకీ బానిసలకీ బదులుగా వచ్చిన వెండి అందులో చాలా ఉంది. అంటే మనం ముచ్చటపడే పూసల వ్యాపారం, సంకెళ్ల వ్యాపారం ఒకే తరాజులో తూగాయి.

ఓపెన్ ఎయిర్ మ్యూజియంలో ఉన్న చిక్కు ఇదే. రొట్టె కాల్చి చూపించొచ్చు, మగ్గం నేసి చూపించొచ్చు. పిల్లలు ఆడుకునే చోట మనుషుల్ని అమ్మి చూపించలేం కదా. చూపించకూడదు కూడా. అందుకే ఆ భాగం మనమే మనసులో పెట్టుకుని నడవాలి. ఈ ఇంట్లో నీళ్లు ఎవరు మోశారు? ఈ మగ్గం ముందు ఎవరు కూర్చున్నారు, ఇష్టంతోనా, తప్పకనా? ఈ ప్రశ్నలు అడిగితే ఆ ఏడు ఇళ్లు సెట్టింగ్‌లా కాకుండా ఊరిలా కనిపిస్తాయి.

1050లో నార్వే రాజు హరాల్డ్ హార్డ్రాడా ఈ ఊరిని తగలబెట్టాడు. 1066లో స్లావ్‌లు మళ్లీ దోచుకున్నారు. జనం పాయ అవతలి ఒడ్డుకి, ష్లెస్విగ్‌కి మారిపోయారు. ఆ తర్వాత ఇక్కడ ఎవరూ ఊరు కట్టలేదు కాబట్టే ఇదంతా నేల కింద మిగిలింది. ఇప్పటికి తవ్వింది 5 శాతమే.

వెళ్లేవాళ్లకి నా సలహా ఒకటే. ముందు మ్యూజియం హాల్ చూడండి, అసలు వస్తువులూ, రేవులోంచి పైకి తీసిన పొడవాటి ఓడా అక్కడే ఉన్నాయి. ఆ తర్వాత ఇళ్ల వైపు నడవండి. మీరు చూసిన ఏ మ్యూజియంలోనైనా "వీళ్ల ఇల్లు ఇక్కడ లేదేంటి?" అనిపిస్తే కామెంట్‌లో రాయండి, నేను తప్పకుండా చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.