అవ్వ ముఖం కనపడాలి

(బాపట్లలో యువత సమావేశంలో మాట్లాడిన మాటలు)



ఊళ్లో ఏం జరిగినా మీరిప్పుడు ఫోన్లో తీసేస్తున్నారు. మంచిదే. నేను చేసిన తప్పొకటి చెప్తా, మీరు చేయకండి.

పోయిన వేసవిలో రేపల్లె దగ్గర కాలవ గట్టు మీద మన యానాది అవ్వ ఒకామె ఇంటి పట్టా గురించి చెప్తుంటే తీశాను. మిట్టమధ్యాహ్నం. వెనకాల ఆకాశం తెల్లగా మండిపోతోంది. ఫోను ఆ ఆకాశాన్ని లెక్కలోకి తీసుకుని వెలుగంతా తగ్గించేసింది. అవ్వ ముఖం ఉన్నచోట నీడే మిగిలింది. ఆఫీసులో చూపిస్తే "మాట్లాడేది ఎవరయ్యా?" అన్నారు. ఆ వీడియో కోసం అవ్వ ఆ పూట పీతల వేట మానుకుంది!

"మనం నలుపు కదన్నా, అందుకే పడలేదు" అన్నాడు మావాడొకడు. అది నాకు బాగా గుచ్చుకుంది. తప్పు మన రంగుది కాదు, నేను కూర్చోబెట్టిన చోటుది. ఒకప్పుడు ఫొటో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోడానికి కొడాక్ వాళ్లు ఇచ్చిన కార్డు మీద తెల్లమ్మాయి బొమ్మే ఉండేది, షర్లీ కార్డు అనేవాళ్లు. మన చర్మాన్ని వాళ్లు లెక్కలోనే పెట్టుకోలేదు. అందుకే వెలుగు సంగతి మనమే చూసుకోవాలి.

సినిమావాళ్లు చేసేది అదే. తెనాలి చక్రపాణి గారు నాగిరెడ్డి గారితో కలిసి 1957లో తీసిన 'మాయాబజార్'లో పడవ పాట వెన్నెల గుర్తుందా? కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ పుట్టించిన వెన్నెల అది. బుర్రిపాలెం కృష్ణ గారి 'అల్లూరి సీతారామరాజు' (1974) చింతపల్లి మన్యంలో తీశారు, కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. తెలుగులో మొదటి సినిమాస్కోప్. తెర అంత వెడల్పైతే వెలుగు చూసుకోవాల్సిన జాగా కూడా అంతే. హీరో మేకప్ వేసుకునేలోపే లైట్‌మెన్ సగం రోజు పని చేసేసుంటారు. వాళ్ల పేర్లు మనం ఎప్పుడైనా చదివామా?

మనకు జనరేటర్ లేదు, ఎండ ఉంది. ముందు రోజే వెళ్లి ఏ టైముకి ఎండ ఎటు పడుతుందో చూసుకోండి. పొద్దున ఎనిమిదిలోపు, లేదంటే సాయంత్రం ఐదు తర్వాత తీయండి. మనిషి వెనక ఆకాశం కాదు, గోడో చెట్టో ఉండాలి. ఎండ ఒక పక్క నుంచి పడితే, రెండో పక్క తెల్ల దుప్పటి పట్టుకోండి, ఆ వెలుగు తిరిగి ముఖం మీద పడుతుంది. ఫోన్లో ముఖం మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే వెలుగు అక్కడే నిలబడుతుంది.

అవ్వ దగ్గరికి ఈ ఆదివారం మళ్లీ వెళ్తున్నాం, సాయంత్రం. ఈసారి పనిపూట కాదులే. వచ్చేవాళ్లు తెల్ల దుప్పటి ఒకటి తెచ్చుకోండి, మా ఇంట్లోది చిరిగిపోయింది.