క్షయరోగికి తోడువచ్చు రోగములు

(సాంస్కృతిక సంఘ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



1882 మార్చి 24వ తేదీన బెర్లిను నగరమున రాబర్టు కోకు అను శాస్త్రజ్ఞుడు క్షయకు కారణము ఒక సూక్ష్మజీవి యని ప్రకటించెను. మానవాళికి అదియొక మహోపకారము. అయినను, కఫమున ఆ క్రిమి కనబడినచో ఇక వెదకనక్కర లేదను భ్రమయు లోకమున కలదు. తలుపు విరిగిన యింట దొంగ యొక్కడే ప్రవేశించునా?

ఈ తోడుదొంగలలో ప్రబలమైనది హెచ్.ఐ.వి. క్షయక్రిమి అనేకుల దేహములలో నిద్రాణమై యుండును. దేహములోని రక్షణశక్తి దానిని అణచియుంచును. హెచ్.ఐ.వి. ఆ రక్షణశక్తినే హరించును. అందుచేతనే క్షయరోగులందరికిని హెచ్.ఐ.వి. పరీక్ష జరుగవలెనని మన దేశమందలి విధానము. రెండును ఉన్నచో సాధారణముగా ముందు క్షయ మందులను, కొలది వారములలో రెండవ రోగపు మందులను ఆరంభింతురు. రిఫాంపిసిన్ అను క్షయ మందు కొన్ని హెచ్.ఐ.వి. మందుల బలమును తగ్గించును. కావున సిగ్గుచే ఒక రోగమును దాచినవాడు రెండు చికిత్సలను చెరుపుకొనును.

రెండవ శత్రువును ఎరిగినవారు తక్కువ. క్షయ నయమైన పిమ్మటను ఊపిరితిత్తిలో ఒక్కొక్కప్పుడు గుల్ల మిగులును. మట్టిలోను, కుళ్లిన ఆకులలోను పెరుగు ఆస్పర్‌జిల్లస్ అను బూజు గాలివెంట వచ్చి ఆ గుల్లలో కాపురముండును. ఒక గుమాస్తాను ఊహింపుడు. ఆరు నెలలు క్రమము తప్పక మందులు పుచ్చుకొని, ఆరోగ్యవంతుడై కచేరికి పోవుచుండెను. కొంతకాలమునకు మరల దగ్గు, నీరసము, కఫములో నెత్తురు. "పాతరోగమే తిరుగబెట్టినది" అని ఇంటివారు పాత మందులనే తెప్పించిరి. క్షయ మందులు బూజును తాకజాలవు. అతడు క్షీణించుచునే యుండెను. ఇట్టి రోగికి నెత్తురు అధికముగా పడినచో ప్రాణాపాయమే. కఫమున క్షయక్రిమి లేదని తేలినప్పుడు ఛాయాచిత్రములు, రక్తపరీక్ష చేయించినచో బూజు బయటపడవచ్చును. దానికి వేరు మందులు కలవు. కొందరికి శస్త్రచికిత్సయు కలదు.

కాలేయమును పట్టు హెపటైటిస్ బి, సి రోగములు ముందే యున్నచో, క్షయ మందులవలన కాలేయమునకు హాని కలుగు ప్రమాదము హెచ్చు. కన్నులు పచ్చబడినను, అన్నము సహింపకున్నను వెంటనే వైద్యునికి చెప్పవలెను. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు రెండింటికిని దగ్గు, జ్వరములే లక్షణములగుటచే ఒకదాని చాటున మరియొకటి దాగెను.

1956లో మద్రాసున ఆరంభమైన పరిశోధనలో, ఇంటనుండి మందులు పుచ్చుకొన్నవారును శానటోరియములో నున్నవారును ఇంచుమించు సమానముగా కోలుకొనిరని 1959లో వెల్లడియయ్యెను. నాటినుండి రోగిని కనిపెట్టియుండు భారము చాలవరకు కుటుంబముపై పడినది. మందు వేళకు అందించుటతో ఆ భారము తీరదు. మందులు పుచ్చుకొనుచున్నను రోగి తేరుకొననిచో, "ఇంకేమైన ఉన్నదా?" యని వైద్యుని అడుగుట ఇంటివారి ధర్మము. ఆ ఒక్క ప్రశ్న ఒక సంసారమును నిలుపగలదు.